గళ్ళ సంచి కథ



ఒక్కసారి పశువుల కొట్టాన్ని గుర్తు తెచ్చుకోండి. ఇంకా తెల్లవారలేదు. ఇంటావిడ కుడితి తొట్టిలో తవుడు కలుపుతోంది. రాత్రి నానబెట్టిన తెలగపిండి పక్కనే ఉంది. గేదె అప్పటికే పలుపు లాగుతోంది. ఆ తవుడు ఏ మిల్లుదో ఆమెకు తెలుసు. ఆ చెక్క ఏ గానుగదో తెలుసు. ఉలవలంటారా, సొంత చేలో పండినవే.

ఇప్పుడు అదే కొట్టంలో ఇంకో దృశ్యం. మూలన ఒక దాణా సంచి ఉంది. మూతి మిషన్ మీద కుట్టి ఉంది. లోపల గోధుమరంగు గుళికలు. అందులో ఏమేం కలిపారో చూసి తేల్చుకునే దారి రైతుకు లేదు. బాగుందో లేదో చెప్పే నోరు గేదెకు లేదు. రైతు కంటికి కనబడేది ఒక్కటే. సంచి మీది గుర్తు. ఆ గుర్తును చూసే ఆయన డబ్బు తీసి ఇస్తాడు.

ఈ రోజు మీకు చెప్పబోయేది అలాంటి ఒక గుర్తు కథ. ఎర్ర గడి, తెల్ల గడి, మళ్ళీ ఎర్ర గడి. దాని పేరు ప్యూరినా. పుట్టిల్లు అమెరికాలో, మిస్సిసిపి నది ఒడ్డున ఉన్న సెయింట్ లూయిస్ నగరం.

పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో అమెరికాలో ఏ బండి కదలాలన్నా గుర్రమో కంచరగాడిదో లాగాల్సిందే. పాలబండి, మంచు దిమ్మల బండి, ఇటుకల బండి, అన్నీ అంతే. మిస్సోరీ రాష్ట్రం కంచరగాడిదలకు పేరుపడ్డ చోటు. సెయింట్ లూయిస్ ఆ రాష్ట్రంలోని పెద్ద నగరం. మరి అన్ని జంతువులకు తిండి కావాలి కదా. మొక్కజొన్న ఒక్కటే ఎక్కువగా పెడితే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఓట్స్ అనే ధాన్యం పెడదామంటే ఖరీదు.

విలియం డాన్‌ఫోర్త్ అనే యువకుడికి ఇక్కడే ఒక దారి దొరికింది. ఆయన 1870లో మిస్సోరీ ఆగ్నేయ మూలన, చిత్తడి నేలల మధ్య పుట్టాడు. తండ్రికి చార్ల్‌స్టన్ అనే చిన్న ఊళ్ళో దుకాణం ఉండేది. సెయింట్ లూయిస్‌లో చదువు ముగించి ఇటుకల వ్యాపారంలో చేరాడు. చలికాలం వచ్చేసరికి కట్టడాలు ఆగిపోయాయి. ఇటుక కొనేవాడు లేడు. ఏడాదిలో కొన్ని నెలలు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన వ్యాపారం ఆయనకు నచ్చలేదు. జంతువులు అలా కాదు. వానైనా, మంచైనా, పండగైనా వాటికి ఆకలేస్తుంది. ఏడాది పొడుగునా తింటాయి. అదే ఆయన లెక్క.

1894లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఆయన దాణా కంపెనీ పెట్టాడు. దాని పేరు రాబిన్సన్-డాన్‌ఫోర్త్ కమిషన్ కంపెనీ. పెద్ద యంత్రాలేమీ లేవు. ఓట్స్, మొక్కజొన్న నేల మీద కుప్ప పోయడం, పారలతో కలపడం, సంచుల్లో నింపి మూతి కుట్టడం. ఓట్స్ కన్నా చవక, మొక్కజొన్న కన్నా భద్రం. వాళ్ళు చెప్పుకున్నది ఈ రెండు మాటలే. గుర్రబ్బండి వాళ్ళకు అంతకన్నా అక్కర్లేదు కూడా.

రెండేళ్ళు గడిచాయి. కంపెనీలో ఎక్కువ వాటా కొనుక్కుని డాన్‌ఫోర్త్ పగ్గాలు అందుకున్నాడు. ఆ మర్నాడే సెయింట్ లూయిస్ మీద సుడిగాలి విరుచుకుపడింది. 1896 మే 27, సాయంకాలం. నగరంలోనూ, నదికి అవతలి ఒడ్డునా కలిపి 250 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, వంతెన, పడవలు, ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. కొత్త యజమాని మిల్లు నేలమట్టమైంది. ఇరవయ్యైదేళ్ళ మనిషి. నిన్న కొన్నది ఈ రోజు లేదు. ఆయన బ్యాంకుకు వెళ్ళి అప్పు అడిగాడు. తాకట్టు పెట్టడానికి మిగిలిందేమీ లేదు, మనిషి మీద నమ్మకం తప్ప. ఆ నమ్మకం మీదే అప్పు పుట్టింది. మిల్లు మళ్ళీ లేచింది.

ఇక పేరు సంగతికి వద్దాం. డాన్‌ఫోర్త్ దాణాతో ఆగలేదు. 1898 ప్రాంతంలో మనుషులు తినే గోధుమ రవ్వ కూడా అమ్మడం మొదలుపెట్టాడు. పొట్టుతో సహా ఆడించిన గోధుమ త్వరగా చేదెక్కుతుంది. కాన్సాస్‌లో ఒక మిల్లరు అలా పాడవకుండా ఉంచే పద్ధతి కనిపెట్టాడని తెలిసి, దాన్ని అందుకున్నాడు. కల్తీ తిండి గురించి అమెరికాలో జనం గగ్గోలు పెడుతున్న కాలం అది. అందుకే స్వచ్ఛత అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటను కాస్త సాగదీసి ప్యూరినా అని పేరు పెట్టాడు. గుర్తుంచుకోండి, ఇప్పుడు పశువుల సంచుల మీద కనిపించే ఆ పేరు మొదట మనుషుల పళ్ళెంలోని తిండికి పెట్టినది.

దానికి రాల్‌స్టన్ అనే ఇంకో పేరు కూడా తోడైంది. డాక్టర్ రాల్‌స్టన్ అన్న పేరు మీద ఆరోగ్య సూత్రాల పుస్తకాలు చాలా చలామణీలో ఉండేవి. రాసినాయన అసలు పేరు వెబ్‌స్టర్ ఎడ్జర్లీ. ఆయన మాటను వేదంలా పాటించే క్లబ్బులు దేశమంతా వెలిశాయి. ముడి గోధుమ మంచిదని ఆయన చెబుతుంటే, దాన్ని అమ్మే డాన్‌ఫోర్త్ వెళ్ళి కలిశాడు. తన పేరు పెడితే మెచ్చుకుంటానన్నాడు ఎడ్జర్లీ. 1902లో కంపెనీ పేరు రాల్‌స్టన్ ప్యూరినాగా మారింది. ఎడ్జర్లీ రాతల్లో జాతుల మధ్య హెచ్చుతగ్గులు అంటగట్టే హేయమైన మాటలు చాలా ఉన్నాయి. ఆ క్లబ్బులు కాలక్రమంలో కనుమరుగయ్యాయి. పేరు మాత్రం దాదాపు వందేళ్ళు సంచులకు అతుక్కునే ఉంది.

సరే, గళ్ళ మాటేమిటి? అది తెలియాలంటే చార్ల్‌స్టన్‌లోని నాన్నగారి దుకాణానికి వెళ్ళాలి.

శనివారం సంతకు పల్లెల నుంచి జనం వస్తారు. కుర్ర డాన్‌ఫోర్త్ దుకాణంలో సరుకు అందిస్తూ వాళ్ళను చూస్తుంటాడు. ఆ జనంలో ఒక కుటుంబం ఎప్పుడొచ్చినా ఇట్టే దొరికిపోయేది. ఎందుకంటే ఆ ఇంటి తల్లి ఒకే తాను కొని అందరికీ బట్టలు కుట్టేది. ఎర్ర తెల్ల గళ్ళ నూలు గుడ్డ. కూతుళ్ళకు గౌన్లు, కొడుకులకు చొక్కాలు, అంతా అదే గుడ్డ. సంతలో ఎంత తోపులాట ఉన్నా, ఫలానా వాళ్ళ పిల్లలని దూరం నుంచే తెలిసేది.

ఏళ్ళు గడిచాక, తన సంచికి ఒక గుర్తు కావాలని ఆలోచిస్తుంటే డాన్‌ఫోర్త్‌కు ఆ కుటుంబం గుర్తొచ్చింది. దాణా దుకాణంలో సంచులన్నీ ఒక్కలాగే ఉంటాయి. అదే గోనె, అదే రంగు, అదే ధూళి. వాటి మధ్య ఎర్ర తెల్ల గళ్ళ సంచి నిలబెడితే? చదువు రానివాడు కూడా గుర్తుపడతాడు. చిన్నపిల్లవాణ్ణి పంపినా పొరపాటు పడడు. గళ్ళ సంచి తెమ్మంటే చాలు.

ఆ గళ్ళంటే ఆయనకు ఎంతో ఇష్టం పెరిగింది. గళ్ళ టై కట్టేవాడు. ఉద్యోగులకూ అదే మోజు అంటించాడు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న చోటుకు చెకర్‌బోర్డ్ స్క్వేర్ అని పేరు. అంటే గళ్ళపలక కూడలి అనుకోండి. ఒక తల్లి పొదుపు కోసం కొన్న తాను గుడ్డ నగరంలో ఒక చిరునామా అయి కూర్చుంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. డాన్‌ఫోర్త్ వైఎంసీఏ అనే సేవా సంస్థ తరఫున ఐరోపాలో అమెరికా సైనికుల మధ్య పనిచేశాడు. అక్కడ ఆయన చెవిన పడ్డ మాట ఒకటుంది. భోజనానికి సైనికులు వాడుకలో చౌ అంటారు. చౌ అన్న కేక వినబడితే చాలు, అలసటంతా మరిచి పళ్ళాలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. తిరిగొచ్చాక ఆయన తన సరుకు పేర్లన్నీ మార్చేశాడు. దాణా అన్న పొడిమాట పోయింది. ఆవు చౌ, కోడి చౌ, పంది చౌ వచ్చాయి. లోపల ఉన్నది నిన్నటి దాణాయే. కానీ పశువుకు పెట్టేదీ భోజనమే అన్న భావం ఆ పేరులో చేరింది.

ఆ మాట ఎంత దూరం పోయిందో చూడండి. ప్రయోగశాలల్లో ఎలుకలకు పెట్టే మేతను కూడా ప్యూరినా తయారుచేసింది. ల్యాబొరేటరీ చౌ అని దానికి పేరు. క్రమేపీ శాస్త్రవేత్తలు ఎలుకల మామూలు మేతను ఏ కంపెనీదైనా సరే చౌ అనే రాయసాగారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశంలోని ప్రయోగశాలల జంతువులకు మేత తయారుచేసి ఇస్తుంది. మన శాస్త్రవేత్తల పరిశోధన పత్రాల్లోనూ చౌ అన్న మాట కనిపిస్తుంది. యుద్ధకాలంలో సైనికుల నోట నలిగిన మాట అది.

ఇప్పుడు గుళికల సంగతి. మన కోళ్ళఫారాల్లో పెల్లెట్ అంటారే, అదే. 1921లో ప్యూరినా మొదటిసారి గుళికల దాణా అమ్మింది. అప్పటిదాకా దాణా అంటే పొడి, పిండి, నలిగిన గింజలు. పశువు తెలివి తక్కువది కాదు. తియ్యటి గింజ ఏరుకుని తింటుంది, చేదు పొడిని వదిలేస్తుంది. కోడి అయితే మరీను. ముక్కుతో చెదరగొట్టి తనకు నచ్చింది మాత్రమే పొడుచుకుంటుంది. సగం దాణా నేలపాలు, మరికొంత గాలిపాలు.

గుళిక ఎలా చేస్తారో తెలుసుకోవడానికి ఫ్యాక్టరీకి వెళ్ళక్కర్లేదు. మీ వంటింట్లో జంతికల గొట్టం ఉంది కదా. అదే సూత్రం. దాణాలో వేయాల్సినవన్నీ మెత్తగా ఆడించి కలుపుతారు. ఆవిరి పట్టిస్తారు. ఆవిరికి పిండి వేడెక్కి మెత్తబడి బంకదేరుతుంది. చిల్లులున్న మందపాటి ఇనుప అచ్చులోంచి దాన్ని గట్టిగా నెడతారు. అవతల కడ్డీలుగా వచ్చేదాన్ని కత్తి ముక్కలుగా తరుగుతుంది. ఆరితే గట్టిపడుతుంది. ఇక ఏరుకోవడం కుదరదు. ప్రతి గుళికలోనూ గింజ ఉంది, చెక్క ఉంది, ఉప్పు ఉంది, ఖనిజం ఉంది. తింటే అన్నీ తినాలి.

ఇక్కడ ఒక్క మాట మళ్ళీ చెప్పుకోవాలి. పొడి దాణాలో రైతు చెయ్యి పెట్టి చూస్తే గింజ గింజగా, పొట్టు పొట్టుగా తెలిసేది. గుళికగా మారాక అదీ పోయింది. పశువుకు మేలు జరిగింది. రైతు కంటికి మాత్రం తెర పడింది. సంచి మీది గళ్ళ విలువ అందుకే అంత పెరిగింది.

ఆ నమ్మకపు బరువు కంపెనీకీ తెలుసు. 1926లో సెయింట్ లూయిస్‌కు పడమర, గ్రే సమ్మిట్ అనే పల్లెలో పరిశోధన క్షేత్రం పెట్టింది. అక్కడి పని వినడానికి సాదాసీదాగా ఉంటుంది. ఒకే ఈడు కోడిపిల్లలను రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు ఒక రకం దాణా, రెండో గుంపుకు ఇంకో రకం. ఎంత తిన్నాయో రాస్తారు, ఎంత పెరిగాయో తూస్తారు. రోజూ, వారం వారం, నెలల తరబడి. మంచి దాణా అంటే ఏమిటో అలాంటి తూకాల పుస్తకాల్లోంచే బయటికొచ్చింది.

శ్రోతలారా, ఈ కథలో రేడియోకూ చోటుంది. 1932లో కంపెనీ బాధ్యత డాన్‌ఫోర్త్ కొడుకు డొనాల్డ్ చేతికొచ్చింది. అది మహామాంద్యం రోజులు. రైతు చేతిలో డబ్బాడడం లేదు. కానీ చాలా ఇళ్ళలో రేడియో ఉంది. 1933లో టామ్ మిక్స్ అనే సినిమా వీరుడి పేరు మీద పిల్లల నాటకం మొదలైంది. ఖర్చు రాల్‌స్టన్ కంపెనీది. గుర్రమెక్కిన వీరుడు దొంగలను తరిమే సాహసాలు. గోధుమ రవ్వ పెట్టె మూత కత్తిరించి పంపితే పిల్లలకు బొమ్మలూ ఉంగరాలూ వచ్చేవి. నాటకంలో టామ్ మిక్స్ గొంతు ఆయనది కాదు, వేరే నటులది. 1940లో కారు ప్రమాదంలో ఆయన చనిపోయాడు. అయినా ఆ పేరుతో నాటకం 1950ల తొలినాళ్ళ దాకా నడిచింది. పెద్దవాళ్ళ కోసం పల్లెపాటల కార్యక్రమాలకూ కంపెనీ డబ్బిచ్చింది. వాటిలో కొన్నింటి పేర్లలోనే చెకర్‌బోర్డ్ అన్న మాట ఉండేది. ఆలోచించండి, గళ్ళు కంటికి సంబంధించినవి. వాటిని చెవికి వినిపించారు.

అదే కాలంలో అమెరికా పల్లెటూరి ఆడవాళ్ళు ఇంకో పని చేసేవాళ్ళు. దాణా, పిండి అప్పట్లో నూలు సంచుల్లో వచ్చేవి. ఖాళీ అయ్యాక సంచి ఉతికి, కుట్టు విప్పి, పిల్లలకు బట్టలు కుట్టేవాళ్ళు. కంపెనీలు అది గమనించి పూలూ తీగలూ అచ్చువేసిన సంచులు తెచ్చాయి. దాణా కొనే భర్తకు, ఫలానా పూల సంచి ఇంకొకటి తెమ్మని భార్య చెప్పి పంపేది. మన ఊళ్ళలో ఎరువుల సంచులు కలిపి కుట్టి పట్టాలు చేసుకోలేదూ, అలాగే. లేమి ఎక్కడైనా ఒకలాగే కుడుతుంది.

దాణా చరిత్రలో ఒక తెలుగు పేరు కూడా ఉంది. అది చెప్పకుండా ముందుకు పోలేం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి అధిపతి. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు కనిపెట్టాడు. మనుషుల ప్రాణాలు నిలిపే మందు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. తర్వాత అదే సంస్థలో స్టాక్‌స్టాడ్, జూక్స్ అనే ఇద్దరు, మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపి చూశారు. వాళ్ళు వెతికింది విటమిన్ కోసం. కోడిపిల్లలు అనుకున్నదానికన్నా వేగంగా పెరిగాయి. కారణం ఆ పిప్పిలో మిగిలిన మందు. 1950 తర్వాత అమెరికాలో దాణాలో యాంటీబయాటిక్ కలపడం మామూలు సంగతైపోయింది.

దాని మూల్యం తర్వాత తెలిసింది. తక్కువ మోతాదులో రోజూ మందు తగిలితే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా తయారవుతాయి. ఐరోపా దేశాలు 2006లో పెరుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడాన్ని ఆపేశాయి. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందులను ఇలా వాడడం అమెరికాలో 2017లో ఆగింది. మన గోదావరి జిల్లాల రొయ్య రైతులకు ఈ బాధ వివరించక్కర్లేదు. ఎగుమతి చేసిన రొయ్యలో మందు ఆనవాలు దొరికితే సరుకు వెనక్కొస్తుంది. సంచిలో ఏముందన్న ప్రశ్న ఎంత పెద్దదో సుబ్బారావుగారి సొంత ఊరు భీమవరం చుట్టూ చెరువులున్న వాళ్ళకు బాగా తెలుసు.

మళ్ళీ గళ్ళ సంచి దగ్గరికి వద్దాం. డాన్‌ఫోర్త్ 1955లో పోయాడు. రెండేళ్ళ తర్వాత, 1957లో, కంపెనీ కుక్కల తిండిని నేరుగా కిరాణా కొట్లకు పంపింది. పేరు డాగ్ చౌ. పిండిని బాగా ఒత్తిడితో, వేడితో నెట్టి హఠాత్తుగా బయటికి వదిలితే లోపలి తేమ ఆవిరై ఉబ్బుతుంది. మరమరాల్లాగా గుల్లగా వస్తుంది. కుక్కలకు ఆ కరకర నచ్చింది. కొద్ది కాలంలోనే అమెరికాలో ఎక్కువగా అమ్ముడుపోయే పొడి కుక్కతిండి అదే అయింది.

ఇక్కడ కంపెనీ చూపు మారింది. పొలం నుంచి పట్నానికి తిరిగింది. ఆవుకు దాణా కొనే రైతు పైసా పైసా లెక్క చూస్తాడు. ఇంట్లో కుక్కను బిడ్డలా చూసుకునేవాళ్ళు అంత లెక్క చూడరు. తర్వాత కంపెనీ హోటళ్ళు కొంది, మంచు క్రీడల చోటు కొంది, ఒక హాకీ జట్టును కూడా కొంది. ఆ జట్టు ఆడే మైదానానికి చెకర్‌డోమ్ అని పేరు పెట్టింది. భోపాల్ విషాదంతో మనం మరిచిపోలేని యూనియన్ కార్బైడ్ ఉంది కదా. దాని చేతిలోని బ్యాటరీల వ్యాపారాన్ని 1986లో కొన్నది కూడా ఈ కంపెనీయే.

అదే 1986లో ఇంకో పని చేసింది. అమెరికాలోని తన పశువుల దాణా వ్యాపారాన్ని అమ్మేసింది. అవునండీ, పారలతో నేల మీద కలిపి మొదలుపెట్టిన ఆ వ్యాపారాన్నే. కొన్నది బ్రిటిష్ పెట్రోలియం, అంటే చమురు కంపెనీ. వ్యాపారపు లెక్కలో అది తప్పు కాకపోవచ్చు. కానీ గళ్ళ సంచిని నమ్ముకుని మూడు తరాలు పశువులు సాకిన ఇంటికి ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ దాణా వ్యాపారం తర్వాత చేతులు మారుతూ పోయింది. 1998లో కోక్ ఇండస్ట్రీస్ కొన్నది. అప్పుడే పందుల ధరలు కుప్పకూలాయి. అప్పు మోయలేక ఆ దాణా కంపెనీ 1999లో దివాలా రక్షణ కోరింది. చివరికి 2001లో ల్యాండ్ ఓ లేక్స్ అనే సహకార సంఘం కొన్నది. పాడి రైతులు కలిసి పెట్టుకున్న సంఘం అది. మనకు విజయ డెయిరీ, గుజరాత్ వాళ్ళకు అమూల్ ఉన్నట్టు. గళ్ళ సంచి తిరిగి తిరిగి రైతుల ఇంటికే చేరిందన్నమాట. ఈ కథలో మనసుకు హాయినిచ్చే మలుపు ఇదే.

అదే 2001లో, అమెరికా బయటి దేశాల దాణా వ్యాపారం కార్గిల్ కంపెనీ చేతికి వెళ్ళింది. అదే 2001 డిసెంబరులో, కుక్కల, పిల్లుల తిండి వ్యాపారాన్ని స్విట్జర్లాండ్‌కు చెందిన నెస్లే కొన్నది. ధర 1,030 కోట్ల డాలర్లు. ఒక్క ఏడాదిలోనే మూడు ముక్కలు మూడు గడపలకు చేరాయి. రాల్‌స్టన్ ప్యూరినా అన్న కంపెనీ లేకుండా పోయింది. ప్యూరినా అన్న పేరూ గళ్ళ గుర్తూ మాత్రం మూడు చోట్లా ఉండిపోయాయి.

హైదరాబాద్‌లో పెంపుడు జంతువుల సరుకులమ్మే దుకాణానికి వెళ్ళినప్పుడు కుక్కతిండి సంచుల వరస చూడండి. సూపర్‌కోట్ అన్న సంచి మీద ప్యూరినా పేరు, పక్కన చిన్న ఎర్ర తెల్ల గళ్ళు కనిపిస్తాయి. అది నెస్లే వాళ్ళది.

మిస్సోరీలో 1926 నాటి గ్రే సమ్మిట్ పొలం ఇప్పటికీ ఉంది. అక్కడ రైతుల సహకార సంఘానికి చెందిన ప్యూరినా పరిశోధన క్షేత్రంలో ఆవులు, గుర్రాలు, కోళ్ళు ఉన్నాయి. రోజూ మేత తూస్తారు, బరువులు రాస్తారు. అదే పల్లెలో నెస్లే వాళ్ళ ప్యూరినా ఫార్మ్స్ కూడా ఉంది. సెలవు రోజుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని జనం వస్తారు. కుక్కల విన్యాసాలు చూస్తారు. ఇద్దరు వేరు వేరు యజమానులు, ఒకే పల్లె. రెండు చోట్లా కనిపించేవి ఆ శనివారం సంతలో ఒక తల్లి పిల్లలకు తొడిగిన గళ్ళే.